పెళ్ళి వీడియో రెండర్ అయ్యేది, వాట్సాప్ తెరిస్తే పడిపోయేది: నేను 1500 పెట్టి చేయించిన ఓవర్‌క్లాక్ రివ్యూ

మొదటే మార్కులు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్‌కి ఐదుకి నాలుగు. దానికి సికింద్రాబాద్‌లో డబ్బులిచ్చి చేయించిన ఓవర్‌క్లాక్‌కి, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడిపించడానికి, ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా అక్కడి కుర్రాడు కూలర్ విప్పి, వేడిని కూలర్‌కి చేరవేసే పేస్ట్ మళ్ళీ చక్కగా రాసినందుకు. షాపు పేరు రాయడం లేదు, చివర్లో వాళ్ళు చేసిన మర్యాద కూడా ఉంది కాబట్టి.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఒక గదిలో. 2023 సంక్రాంతి సెలవుల్లో పాత మెషిన్ పక్కన పెట్టి కొత్తది నేనే బిగించుకున్నాను. 5800ఎక్స్, ఒక బి550 మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్4 3600 ర్యామ్ స్టిక్కులు, 650 వాట్ల పవర్ సప్లై, రెండు ఫ్యాన్ల టవర్ కూలర్. ఈ ప్రాసెసర్ డబ్బాలో కూలర్ రాదు, విడిగా కొనాలి, బడ్జెట్ వేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 అనే సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, మొత్తం 1331, ఒకటి వంగిందంటే గుండె జారిపోతుంది. మా ఆవిడ ఫోన్ టార్చి పట్టుకుంటే చెమట చేతుల్తో కూర్చోబెట్టాను. మొదటిసారి బయోస్ తెర, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర, వచ్చినప్పుడు ఇద్దరం చప్పట్లు కొట్టాం.

ఉన్నదానితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. హార్డ్ డిస్క్ కోసం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్తే, ఒక షాపు అద్దానికి ఓవర్‌క్లాక్ ట్యూనింగ్ 1500 రూపాయలు అని కాగితం అంటించి ఉంది. బయోస్‌లో చేయి పెట్టాలంటే నాకు భయం. ఎంత పెరుగుతుందని అడిగాను. "ఐదు గిగాహెర్ట్జ్ దాటిస్తా సార్, రెండర్లు పరిగెత్తుతాయి" అన్నాడు కౌంటర్ కుర్రాడు. మర్నాడు క్యాబినెట్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

గంటన్నర కూర్చున్నాడు. సినీబెంచ్ ఆర్23 అనే స్పీడు పరీక్ష పది నిమిషాలు నడిపి చూపించాడు. ఇంట్లో 15,100 దగ్గర తిరిగే స్కోరు 15,900 దాటింది. టాస్క్ మేనేజర్‌లో 5.05 గిగాహెర్ట్జ్ అని ఒక్క క్షణం మెరిసింది. ఆ ఫొటో తీసి సిగ్గు లేకుండా స్టేటస్‌లో కూడా పెట్టాను.

మూడో రోజు పొద్దున మొదలైంది. రాత్రంతా నాలుగు గంటల పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యింది, ఏ గొడవా లేదు. పొద్దున కాఫీ తెచ్చుకుని వాట్సాప్ వెబ్ తెరిచాను. తెర నల్లబడింది, ఫ్యాన్లు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఆగి మళ్ళీ తిరిగాయి, బోర్డు లోగో వచ్చింది. నీలం తెర లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు, ఏమీ లేదు. కరెంటు పోయి వచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు న్యూస్ చదువుతుంటే, ఆ మర్నాడు ఫోల్డర్ పేరు మారుస్తుంటే, ఒకసారైతే నేను కుర్చీలోనే లేను, భోజనం చేసి వచ్చేసరికి లాగిన్ తెర కనిపించింది. ఎడిటింగ్ మధ్యలో ఆలోచిస్తూ చేయి మౌస్ మీద పెట్టి ఊరికే కూర్చున్నప్పుడు పోయింది చూడండి, ఆ రోజు మంగళసూత్రం సీన్ కట్ మొత్తం పోయింది, సేవ్ చేయలేదు. పెళ్ళికూతురు వాళ్ళ నాన్నకి సాయంత్రం పంపుతానని మాటిచ్చి ఉన్నాను.

ఇక్కడ అందరం చేసే పొరపాటే నేనూ చేశాను. బరువైన పని నడుస్తోంది కాబట్టి ప్రాసెసర్ బాగుంది, తప్పు ఇంకెక్కడో ఉంది అనుకున్నాను. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టాను, పడిపోయింది. షాపుకి వాట్సాప్ చేస్తే విండోస్ మళ్ళీ వేసుకోండి సార్ అన్నారు, ఒక ఆదివారం మొత్తం పెట్టి అదీ చేశాను, ఫాంట్లు, ప్లగిన్లు అన్నీ మళ్ళీ ఎక్కించుకుని సోమవారం మధ్యాహ్నం కూర్చుంటే పడిపోయింది. అప్పుడు పవర్ సప్లై చాలట్లేదు సార్, 850 వాట్లది తీసుకోండి, రేటు చూసి ఇస్తాం అన్నారు. కొనబోయాను కూడా. మా బావమరిది దగ్గర 750 వాట్లది ఉంటే అడిగి తెచ్చి పెట్టి చూశాను. రెండు గంటలు తిరగకముందే అదే నల్ల తెర. ఆ ఒక్క అరువు వల్ల నాకు ఏడెనిమిది వేలు మిగిలాయి.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది, అందులో సిస్టమ్ లాగ్ చూడమని ఒక స్నేహితుడు చెప్పాడు. తెరిస్తే ఎర్రగా కెర్నల్ పవర్ 41 అని వరుసగా ఉన్నాయి. పవర్ అనే మాట చూడగానే అదిగో పవర్ సప్లై అనేస్తారు అందరూ, షాపువాళ్ళు కూడా అదే స్క్రీన్‌షాట్ అడిగి అదే చెప్పారు. నిజానికి ఆ 41 చెప్పేది ఒక్కటే, కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని. అది నాకూ తెలుసు కదా! అసలు సంగతి దాని పక్కనే ఉండే ఇంకో ఎంట్రీలో ఉంది, పేరు వీయా లాగర్, నంబరు 18. అది తెరిస్తే ప్రాణాంతకమైన హార్డ్‌వేర్ లోపం, చెప్పినవాడు ప్రాసెసర్ కోర్, రకం క్యాష్ హైరార్కీ ఎర్రర్, చివర్లో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె. ఈ చివరి అంకె మీద నేను ముందు కన్నే వేయలేదు. ఏడు క్రాష్‌లు ఉంటే ఐదింట్లో అది 4 గానీ 5 గానీ. మిగతా రెండింట్లో 10.

దాన్ని చదవడం సులువే. 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లు, అంటే విడివిడిగా పని చేసే భాగాలు, ఒక్కో దానికి రెండు థ్రెడ్లు, అంటే రెండు పని వరసలు, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 0, 1 అంటే కోర్ 0. 2, 3 అంటే కోర్ 1. 4, 5 అంటే కోర్ 2. అంటే నా పీసీ ఐదుసార్లు పడిపోయింది కోర్ 2 వల్ల, రెండుసార్లు కోర్ 5 వల్ల. రెండు వారాలుగా కరెంటుని, విండోస్‌ని, పవర్ సప్లైని తిట్టుకుంటున్నాను, దొంగ పేరేమో మొదటి రోజు నుంచీ రాసే ఉంది.

భయం పక్కన పెట్టి బయోస్‌లోకి వెళ్ళాను. ఆ కుర్రాడు గంటన్నర ఏం చేశాడో రెండు లైన్లలో కనిపించింది. ప్రాసెసర్‌ని దాని మామూలు హద్దు దాటనిచ్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగ్‌లో అదనంగా 200 మెగాహెర్ట్జ్, అదే అక్కడ ఇచ్చే గరిష్ఠం. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ కలిపి మైనస్ 30, అది కూడా అక్కడ ఇచ్చే గరిష్ఠం. రెండు మీటలూ చివరిదాకా తిప్పి, పది నిమిషాల సినీబెంచ్ చూపించి, 1500 తీసుకున్నాడు.

కర్వ్ ఆప్టిమైజర్ అంటే ఏమిటో తెలిస్తే నా జబ్బు మొత్తం అర్థమవుతుంది. ప్రతి కోర్‌కీ ఏ వేగానికి ఎంత వోల్టేజ్ కావాలో కంపెనీ ముందే ఒక గీత గీసి పెడుతుంది. మనం మైనస్ అంకె ఇస్తే ఆ గీత కిందికి దిగుతుంది, ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 30 అంటే దాదాపు 90 నుంచి 150 మిల్లీవోల్టులు తగ్గించినట్టు. తక్కువ వోల్టేజ్‌తో నడిస్తే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ప్రాసెసర్ తనంతట తానే ఇంకొంచెం వేగం పెంచుకుంటుంది, స్కోరు పెరుగుతుంది. అంతవరకు న్యాయమే.

మెలిక ఎక్కడంటే, ఎనిమిది కోర్లూ కలిసి రెండర్ చేసేటప్పుడు ఏ కోరూ దాని గరిష్ఠ వేగానికి పోదు, కరెంటు పరిమితి, వేడి పరిమితి అడ్డొస్తాయి, 4.5 గిగాహెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది. అదే ఊరికే ఉన్నప్పుడు, మీరు ఒక మెసేజ్ తెరిస్తే, ఒకే ఒక్క కోర్ ఒక్క క్షణం పాటు నెత్తి మీదికి ఎగురుతుంది. 5800ఎక్స్ డబ్బా మీద 4.7 అని ఉన్నా ఆ ఒంటి పరుగు 4.85 దాకా పోతుంది, దాని మీద మనవాడు ఇంకో 200 కలిపాడు, 5.05. అంత వేగం, అంత తక్కువ వోల్టేజ్. పెళ్ళిళ్ళు తీసేవాడిగా నాకు ఇది వెంటనే ఎక్కింది. పంక్తి మొత్తానికి పదిమంది కలిసి వడ్డించేటప్పుడు ఎవరూ పరిగెత్తరు. అంతా అయ్యాక ఎవరో చివర్న "నీళ్ళు బాబూ" అని అరిస్తే ఒక్క కుర్రాడు ఉరుకుతాడు చూడండి, గ్లాసులు పడేది అప్పుడే.

ఇంకో సంగతి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. రైజెన్ మాస్టర్ అనే ఏఎండీ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా మంచి కోర్‌కి నక్షత్రం గుర్తు పెట్టి చూపిస్తారు. నా దాంట్లో ఆ నక్షత్రం ఉన్నది ఈ పడిపోతున్న కోర్‌కే! మంచి కోర్ అంటే తక్కువ వోల్టేజ్‌తోనే ఎక్కువ వేగం అందుకునేది, కాబట్టి దాని గీత ముందే బాగా కింద ఉంటుంది, ఇంకా దించడానికి చోటు ఉండదు. పైగా విండోస్ చిన్న పనులన్నీ ముందు దానికే ఇస్తుంది. బాగా చేస్తాడని ఒకడికే అన్ని పనులూ చెప్పి, జీతం మాత్రం అందరితో సమానంగా కోసినట్టు. ఒక హెచ్చరిక: రైజెన్ మాస్టర్ కోర్లని ఒకటి నుంచి లెక్కపెడుతుంది, బయోస్ సున్నా నుంచి. దాంట్లో 3 అంటే దీంట్లో 2. ఇది తెలియక ఒక సాయంత్రం మొత్తం తప్పు కోర్ మీద పని చేసి, మళ్ళీ పడిపోయిందేంటని తల పట్టుకున్నాను.

మధ్యలో ఒక పైపూత వైద్యం కూడా చేశాను, అదీ చెప్పాలి. ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంటే బయోస్‌లో సీ స్టేట్స్, అంటే ఖాళీగా ఉన్న కోర్లని నిద్రపుచ్చే సెట్టింగ్, ఆపేయండి, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ని టిపికల్ అని పెట్టండి అనే సలహా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. చేశాను. రోజుకి ఒకసారి పడేది మూడు రోజులకి ఒకసారి పడింది, ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ తాగే కరెంటు పెరిగింది. నా విషయంలో అది జబ్బుకి మందు కాదు, జ్వరానికి తడిగుడ్డ. రెండూ వెనక్కి మార్చేశాను.

తర్వాత వరసలో చేశాను, మొదట చేయాల్సింది అదే. బయోస్‌ని పూర్తిగా కంపెనీ సెట్టింగులకి తెచ్చాను, నమ్మకం కోసం బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ కూడా తీసి పెట్టాను. అలాగే నాలుగు రోజులు వాడాను. ఒక్కసారి కూడా పడలేదు. ఈ నాలుగు రోజుల పరీక్ష మొదటే చేసి ఉంటే విండోస్ మళ్ళీ వేసే పని తప్పేది. తర్వాత ర్యామ్ ఒక్కటే 3600కి పెట్టాను. చాలామంది దీన్ని ఓవర్‌క్లాక్ అనుకోరు కానీ ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని డబ్బా మీది వేగానికి తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకే, ర్యామ్ మీదా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీదా కూడా. అందులో ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్, అంటే ప్రాసెసర్ లోపలి భాగాలని కలిపే దారి, 1800 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడాలి, అప్పుడే అదీ ర్యామూ సమానంగా నడుస్తాయి. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష రాత్రి పెట్టి పడుకున్నాను, పొద్దున్నకి నాలుగు పాస్‌లు, సున్నా తప్పులు. ర్యామ్ నిర్దోషి.

అప్పుడు ఒక్కో కోర్ సంగతి. కోర్‌సైక్లర్ అని ఉచిత స్క్రిప్ట్ ఒకటి ఉంది, అది ప్రైమ్95 అనే ప్రాసెసర్ పరీక్షని ఒకసారికి ఒక్క కోర్ మీదే నడిపి, తర్వాతి కోర్‌కి వెళ్తుంది. అన్నీ కలిపి కాల్చే పరీక్షల్లో దొరకనిది ఇందులో దొరుకుతుంది, ఎందుకంటే ఒంటరిగా పెడితేనే కోర్ ఆ నెత్తి మీది వేగానికి పోతుంది. ఎస్ఎస్ఈ అనే తేలిక లెక్కల రకంలో పెట్టాలి, ఏవీఎక్స్ అనే బరువు లెక్కల్లో పెడితే బరువెక్కి వేగం తగ్గిపోతుంది, మనకి కావలసింది వేగం. షాపువాడి మైనస్ 30 మళ్ళీ పెట్టి, కోర్‌కి 20 నిమిషాల చొప్పున వదిలాను. కోర్ 2 వంతు వచ్చిన పదిహేను సెకన్లలో తప్పు చూపించింది! పదిహేను సెకన్లు. గంటన్నరలో ఆ కుర్రాడు ఇదొక్కటి చేసినా చాలేది.

ఆ తర్వాత వారం రోజులు రాత్రిళ్ళు అదే పని. కోర్ 2ని మైనస్ 20కి తెచ్చాను, ఫెయిల్. మైనస్ 12, నాలుగు నిమిషాలు నిలబడి ఫెయిల్. చివరికి మైనస్ 5 దగ్గర కుదిరింది. కోర్ 5 మైనస్ 18. మిగతావి 20, 25 మధ్యలో, ఒక్క కోర్ 7 మాత్రం నిజంగానే మైనస్ 30కి కూడా కిమ్మనలేదు. అదనపు 200ని సున్నా చేసేశాను. ఆ 5.05 ఒక్క క్షణం మెరవడానికి తప్ప నా పనికి ఎందుకూ పనికిరాలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మొదట్లో 15,100, షాపువాడి దగ్గర 15,900, ఇప్పుడు 15,600. ఇరవై నిమిషాల హైలైట్ వీడియో ఎక్స్‌పోర్ట్‌లో మొదటికీ ఇప్పటికీ తేడా నిమిషం కూడా లేదు. దీనికోసమా నేను మంగళసూత్రం సీన్ పోగొట్టుకున్నది!

మరి ప్రాసెసర్‌కి నాలుగు ఎందుకంటే, దాన్ని దాని మానాన వదిలేస్తే బంగారం. 2020 నవంబర్‌లో వచ్చిన చిప్, నా పనికి ఇప్పటికీ ఏ లోటూ లేదు. ఒక మార్కు తగ్గించింది వేడికి. ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ముక్కలో, వేలి గోరంత చోట, ఇరుక్కుని ఉంటాయి, అంత చిన్న చోటు నుంచి 142 వాట్ల పరిమితి దాకా తాగే చిప్ వేడిని లాగడం ఏ కూలర్‌కైనా కష్టమే. మే నెలలో ఏసీ లేని నా గదిలో రెండర్ పెడితే 90 డిగ్రీలు తాకి అక్కడే కూర్చునేది. 90 దాని హద్దు, అక్కడ తనే వేగం తగ్గించుకుంటుంది, పాడవదు, కానీ చూస్తుంటే నాకు టెన్షన్. పరిమితిని 120 వాట్లకి దించాను, 80 దగ్గరికి వచ్చింది, స్కోరు పోయింది రెండు మూడు వందలు. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే మన ఎండలకి 5700ఎక్స్ తీసుకోమంటాను, అవే ఎనిమిది కోర్లు, 65 వాట్ల రకం, కూలర్ కూడా మామూలుది చాలు.

షాపువాళ్ళు చెప్పనిది ఇంకొకటి ఉంది. డబ్బా ప్రాసెసర్‌కి మూడేళ్ళ వారంటీ, కానీ ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చిన నష్టానికి అది వర్తించదని ఏఎండీ రాసే ఉంది, ఈ ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. 1500 తీసుకునే ముందు ఈ ముక్క చెప్పాలా వద్దా?

ఇదంతా చదివి ఇంటెల్ 13, 14వ తరం వాడేవాళ్ళు తమ పీసీ క్రాష్‌లకి తమ సెట్టింగులనే తిట్టుకోవద్దు. ఆ రెండు తరాల్లో కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, బయోస్ అప్‌డేట్‌తో వచ్చే మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి ఆదేశాల, మార్పులు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. మీరు ముందు బయోస్ అప్‌డేట్ చేయండి, తర్వాతే మిగతాది.

షాపుకి మళ్ళీ వెళ్ళాను, లాగ్ ప్రింటు తీసుకుని. కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, "అందరికీ ఇదే పెడతాం సార్, ఎవరూ రాలేదు" అన్నాడు. లోపల నుంచి ఓనర్ వచ్చి కాగితం చూశాడు, నేను గొడవకి సిద్ధపడి వెళ్ళాను కానీ ఆయన వాదించలేదు, డ్రాయర్ తీసి 1500 లెక్కపెట్టి ఇచ్చాడు, టీ తెప్పించాడు. అద్దం మీది కాగితం మాత్రం తీయలేదు. కుర్రాడు నన్ను లిఫ్ట్ దాకా వచ్చి ఆ స్క్రిప్ట్ పేరేంటన్నా అని అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు, సార్ పోయి అన్నా అయింది.

నవంబర్ చలి మొదలయ్యాక ఒక పొద్దున మళ్ళీ ఒకసారి పడింది. ఈసారి పవర్ సప్లై జోలికి పోలేదు, నేరుగా లాగ్ తెరిచాను. ఐడీ 10, కోర్ 5. ఎండాకాలంలో కుదిర్చిన అంకె అది, గది చల్లబడితే చిప్ ఇంకొంచెం పైకి ఎగురుతుంది కదా, అక్కడ చాలలేదేమో. మైనస్ 18ని 14 చేశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్ళీ పడలేదు.